పేచీ ఎవరి కోసం అరిచింది

నాకు గుర్రాలంటే ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత మీకూ నాకూ గొడవ ఉండదు. స్వారీ నేర్పే ఒక బడికి ఎండుగడ్డి తోలే బండి నాది. గడ్డి దించి, చేతులు దులుపుకుని నా దారిన నేను పోయేవాణ్ణే. కానీ ఆ గుర్రపుశాలలో మా పిన్ని ఉండేది. అందుకని వెళ్ళినప్పుడల్లా దిగడం, కూర్చోవడం, ఆవిడ పెట్టిన టీ తాగడం, ఆవిడ గుర్రం నా చొక్కా భుజం నములుతుంటే పళ్ళు బిగించి నవ్వడం నాకు తప్పేది కాదు.

పిన్ని అంటే మా అమ్మకు స్వయానా చెల్లెలు. బాబాయి పెళ్ళికి ముందు నుంచే ఆ శాలలో గుర్రాలు చూసుకునేవాడు. పెళ్ళయ్యాక కాపురం కూడా అక్కడే పెట్టాడు. పొడవాటి రేకుల షెడ్డు. వరసగా గుర్రాల గదులు, చివర మనుషుల గది ఒకటి. పిన్ని గదికీ, పక్కనున్న గుర్రం గదికీ మధ్య గోడ ఛాతీ ఎత్తు వరకే ఉండేది. ఒంట్లో బాగాలేని గుర్రాన్ని ఆ పక్కగదిలో కట్టేస్తే, చూసుకునే మనిషి మంచం మీద నుంచి లేవకుండా ఓ కన్నేసి ఉంచొచ్చని అలా కట్టారట. ఆ అరగోడ మీద, రెండు గదులకూ కలిపి ఒకే బల్బు వేలాడేది. స్విచ్చి పిన్ని మంచం వైపు. కొత్త పెళ్ళికూతురు ఆ గదిలోకి అడుగు పెట్టగానే గోడ మీంచి ఒక గుర్రం తల చాచి ఆవిడ కొంగు వాసన చూసిందట. "అత్తగారు లేని ఇల్లని ఒప్పుకున్నాను, తీరా వస్తే గోడ మీద అత్తగారు" అని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

వాళ్ళకు పిల్లల్లేరు. ఉన్నదల్లా పేచీ.

పేచీ ఆడగుర్రం. అరగోడ అవతలి గది దానిదే. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరేదో ఉంది. పిలిచే పేరు మాత్రం బాబాయి పెట్టిందే. మామూలు రోజుల్లో దానంత నెమ్మదస్తురాలు ఆ శాలలో లేదు. మొదటిసారి జీనెక్కి వణికిపోయే పిల్లల్ని స్వారీ నేర్పే మాస్టారు దాని మీదే ఎక్కించేవాడు. కానీ చలికాలం పోయి పగళ్ళు సాగడం మొదలయ్యేసరికి ఎదకు వచ్చేది. ఇక అక్కణ్ణించి మళ్ళీ చలికాలం దాకా మూడు వారాలకోసారి అదే తంతు. ఆ నాలుగైదు రోజులు దాని జోలికి వెళ్ళాలంటే తలప్రాణం తోకకొచ్చేది. నడుం మీద చెయ్యి వేస్తే కీచుమని అరుపు. జీను పట్టీ బిగిస్తే వెనక్కి తిరిగి కొరకబోవడం. తోక ఎత్తి, కాళ్ళు ఎడంగా పెట్టి, మాటిమాటికీ ఉచ్చ పొయ్యడం. మగగుర్రాలున్న కంచె వైపు మెడ చాచి షెడ్డు అదిరేలా సకిలించడం. మగగుర్రాలంటే పేరుకే. అన్నిటికీ ఎప్పుడో విత్తులు కోయించేశారు. పాపం, అవి దీని వైపు అయోమయంగా చూసి మళ్ళీ గడ్డిలో తల పెట్టేసేవి.

ఆ రోజుల్లో బాబాయి దాంతో వాదం పెట్టుకునేవాడు కాదు. జీను వెయ్యనిచ్చేవాడు కాదు. పొడుగు తాడు కట్టి మైదానంలో తనే గుండ్రంగా నడిపించి తెచ్చేవాడు. వెనక వైపు నుంచి ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. మాస్టారు వచ్చి అడిగితే, "ఇవాళ అమ్మగారి దర్శనం లేదండీ, రేపు రండి" అనేవాడు. ఒకసారి మాస్టారు మాట వినకుండా ఎక్కి, దాని పొట్టలో మడమతో పొడిచాడు. అది ఆయన్ని తీసుకెళ్ళి నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టింది. ఆ ముచ్చట నేను కళ్ళారా చూశాను. గుర్రాల మీద నాకు గౌరవం కలిగిన రోజంటూ ఉంటే అదొక్కటే.

చలికాలం వచ్చిందంటే మాత్రం అన్నీ సద్దుమణిగేవి. పగళ్ళు కురచనయ్యేకొద్దీ పేచీ నోరు మూతపడేది. ఒంటి నిండా ముతక బొచ్చు పెంచుకుని, ఎవరెక్కినా సరే అన్నట్టు నిలబడేది. పిన్నీ బాబాయిలకు అదే సెలవుల కాలం. బాబాయికి కంట్లో వెలుగు పడితే నిద్ర పట్టదు. చీకటి పడ్డం ఆలస్యం, టక్కున స్విచ్చి నొక్కేసేవాడు. పిన్ని గొణుక్కుంటూ చీకట్లోనే గిన్నెలు సర్దుకునేది. ఆ తర్వాత ఇద్దరూ మంచాల మీద పడుకుని నిద్ర పట్టేదాకా మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకునేవారని ఒకసారి అడిగితే, "ఏముంటాయిరా, ఏ గుర్రం ఏం తిందో, ఏది తినలేదో" అంది పిన్ని. ఒక కాపురానికి సరిపడా కబుర్లు ఆ రెండు ముక్కల్లోనే ఎలా దొరికాయో నాకు అర్థం కాదు.

పోయిన ఏడాది, ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, బాబాయి పోయాడు. దాణా కలుపుతూ కలుపుతూ ఉన్నచోటే కూలబడ్డాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

అన్నీ అయ్యాక, మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. నా భార్య కూడా మనస్ఫూర్తిగానే అడిగింది. పిన్ని ఒప్పుకోలేదు. "నేనొచ్చేస్తే పేచీని ఎవరు చూస్తార్రా?" అంది. ఆ మాట నిజమే. మిగతా గుర్రాలకు వేరే మనుషులున్నారు. పేచీ దగ్గరికి మాత్రం, ఆ చెడ్డ రోజుల్లో, బాబాయి తర్వాత వెళ్ళగలిగింది పిన్ని ఒక్కతే. శాల యజమాని మంచివాడు. ఆ పని పిన్నికే ఇచ్చాడు. బాబాయి రబ్బరు బూట్లు ఆవిడ కాళ్ళకు పెద్దవైతే ముందు గుడ్డ కుక్కుకుని తొడుక్కుంది.

చలికాలం వచ్చింది. పేచీ మాత్రం నోరు మూయలేదు.

మూడు వారాలకోసారి అదే అరుపు, అదే కొరుకుడు, అదే తన్నుడు. పైగా ఎప్పుడూ లేనిది, సాయంత్రం చీకటి పడే వేళకు అరగోడ దగ్గరికి వచ్చి నిలబడేది. తల పైకెత్తి, బయట గేటు వైపు చూసి పొడుగ్గా సకిలించేది. కాసేపు ఆగి చెవులు నిక్కబొడుచుకుని వినేది. మళ్ళీ సకిలించేది. బాబాయి సాయంత్రపు మేత బండి తోసుకుంటూ ఆ గేటులోంచే, అదే వేళకు వచ్చేవాడు.

"చూశావా?" అంది పిన్ని నాతో. "ఆయన కోసమే. ఇంకా వస్తాడనుకుంటోంది పిచ్చిది. మేత కూడా సరిగ్గా తినడం లేదు."

గేటు అవతలే మగగుర్రాల కంచె ఉందన్న సంగతి నాకు తెలుసు. కానీ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పిన్ని మొహం చూస్తే ఎవరికైనా ఆగిపోతుంది. బాబాయి పోయాక ఆవిడ మొహంలో కళ అన్నది నేను చూడటం అదే మొదలు. అరగోడ మీద మోచేతులు ఆనించి, గుర్రం నుదుటికి తన నుదురు ఆనించి, "రాడే, ఇక రాడు. నాకూ అలాగే ఉందే" అని చెబుతోంది. చుట్టాలమంతా వచ్చి నాలుగు ఓదార్పు మాటలు చెప్పి ఎవరి కొంపకు వాళ్ళం పోయాం. ఆ గుర్రం ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. రోజూ ఆయన వచ్చే వేళకు ఆవిడ పక్కనే నిలబడి, ఆవిడ పైకి ఏడవలేనిదాన్ని తను గొంతెత్తి ఏడ్చింది. పిన్ని అలా అనుకుంది. చెప్పొద్దూ, కొన్నాళ్ళకు నేనూ అలాగే అనుకున్నాను.

ఆవిడ అలా అనుకున్నంత మాత్రాన శాల నడవదు కదా. పేచీ ఒక పిల్లను జీను మీంచి పడేసింది. పిల్లకు ఏమీ కాలేదు గానీ ఆ తల్లి శాల పైకప్పు లేచిపోయేలా అరిచింది. తర్వాత పక్కగది గుర్రాన్ని చెక్క అడ్డం విరిగేలా తన్నింది. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి, ఎదను ఆపే మందొకటి ఇచ్చింది. దాణాలో పోసి తినిపించాలి. ఆ మందు చర్మంలోంచి లోపలికి ఇంకుతుంది కాబట్టి ఆడవాళ్ళు ఒట్టి చేతులతో అస్సలు ముట్టకూడదని, తొడుగులు వేసుకోవాలని ఒకటికి రెండుసార్లు చెప్పింది. పిన్ని తొడుగులు వేసుకుని దాణా తెచ్చింది. పేచీ దాణా వదిలేసి తొడుగు లాక్కుంది. మందు వాసన పట్టిన దాణాను తొట్టెతో సహా తిరగేసింది. బెల్లంలో కలిపారు, క్యారెట్‌లో దాచారు, చివరికి గొట్టంతో నోట్లో కొట్టబోయారు. అందులో సగం పైగా మాస్టారి చొక్కా తాగింది.

యజమాని ఒకరోజు పిన్ని గదికి వచ్చి, కూర్చోకుండా నిలబడే చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను.

"అమ్మా, ఇది చలికాలంలోనైనా పనికొచ్చేది కాబట్టే ఇన్నాళ్ళూ నడిచింది. ఏడాది పొడుగునా ఇలాగే ఉంటే పిల్లల్ని ఎలా ఎక్కించమంటారు? గుర్రాల పెంపకం చేసేవాళ్ళు అడుగుతున్నారు. అక్కడైతే దాని బుద్ధికి అడ్డుండదు. ఈ చలి పోయి కొత్త పిల్లలు చేరేలోపు కుదురుకుంటే సరే సరి. లేకపోతే పంపించేస్తాను. మీరేం కంగారు పడకండి, గది మీదే."

"గది నేనేం చేసుకోను బాబూ?" అంది పిన్ని.

ఆయన వెళ్ళాక పిన్ని నాకు టీ పొయ్యడం కూడా మర్చిపోయింది.

ఆ తర్వాత డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. అండాశయంలో గడ్డేమైనా ఉంటే ఇలా ఆపకుండా చేస్తుందని, చూడాలని అంది. మామూలుగా పొద్దున్నే వచ్చే మనిషి, ఆ రోజు ఎక్కడో ఆవు కష్టపడి ఈనుతుంటే అక్కడ చిక్కుకుపోయి, చీకటి పడుతుండగా వచ్చింది. నేను గడ్డి దించి వెళ్ళబోతూ ఆగాను. పేచీ తల పట్టుకోవడానికి మనిషి కావాలన్నారు. నాకా గుర్రాలంటే పడదు, దానికా నేనంటే పడదు. అయినా పట్టుకున్నాను. డాక్టరమ్మ భుజం దాకా తొడుగు వేసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చి, పక్కన ఒక చిన్న తెర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గడ్డ లేదు. అన్నీ బాగున్నాయి. ఎండాకాలంలో ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి ఎలా ఉండాలో అలా ఉన్నాయి" అంది చెయ్యి కడుక్కుంటూ. అని, తన మాటకు తనే ఆగింది. "కానీ ఇది ఎండాకాలం కాదే."

పేచీ వీపు మీద చెయ్యి వేసి అటూ ఇటూ నిమిరింది. బయటికి వెళ్ళి పక్కగదిలో గుర్రాన్ని నిమిరి వచ్చింది.

"అమ్మా, మిగతావాటికి చలికాలం బొచ్చు ఇంత మందాన వచ్చింది. దీనికి రాలేదేం?"

"నేను రోజూ మాలీషు చేస్తాను కదమ్మా" అంది పిన్ని గర్వంగా. "చూడండి, ఎలా మెరుస్తోందో."

డాక్టరమ్మ తలెత్తి బల్బు వైపు చూసింది.

"ఈ లైటు ఎప్పుడు ఆర్పుతారు?"

పిన్ని చీరకు అంటిన గడ్డిపరక ఒకటి తీసి పారేసింది. "పడుకునేటప్పుడు" అంది. "నిద్ర పడితే ఆర్పుతాను. పట్టకపోతే ఉంచేస్తాను. ఆయన ఉన్నప్పుడు పెందరాళే ఆర్పేసేవాడు. ఇప్పుడు చీకట్లో ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నానమ్మా. ఆ మంచం ఖాళీగా ఉందని చీకట్లోనే బాగా తెలుస్తుంది."

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మంచి మనిషి కూడా. చెప్పాల్సిన మాట తేలిక చెయ్యడానికి చాలా అవస్థ పడింది. ఆడగుర్రానికి క్యాలెండరు లేదని, కంట్లో వెలుగు ఎంతసేపు పడుతోందో అదే దాని లెక్కని చెప్పింది. పగలు కురచైతే లోపల అన్నీ నిద్రపోతాయి. పగలు సాగితే మేలుకుంటాయి. చలికాలంలోనే ఎదకు తేవాలనుకునే పెంపకందార్లు కావాలని ఇలాగే గదిలో లైటు వేసి ఉంచుతారట. పిన్ని తన గదిలో వేసుకున్న లైటు, అరగోడ మీంచి పేచీకి ఎండాకాలాన్ని చలికాలంలోకి కూడా సాగదీసింది. బొచ్చు రాకపోవడమూ దానికే, ఎద ఆగకపోవడమూ దానికే.

ఆ వేళకు పేచీ గేటు వైపు మెడ చాచి సకిలించింది. ముగ్గురం అటు చూశాం.

"అయితే," అంది పిన్ని, "అది ఆయన కోసం కాదా?"

"ఏదమ్మా?"

"రోజూ ఈ వేళకు అలా పిలుస్తుంది. ఆయన కోసం అనుకున్నాను."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గుర్రం వైపు చూశాను. అలాంటప్పుడు ఎటు చూడాలో గుర్రం ఉంటే తెలుస్తుంది, అదొక్కటే దానివల్ల నాకు లాభం.

"ఆయన గుర్తున్నాడో లేదో నేను చెప్పలేనమ్మా" అంది డాక్టరమ్మ మెల్లగా. "గుర్తుండొచ్చు. కానీ ఈ అరుపు మాత్రం అందుకు కాదు. అవతల మగగుర్రాల్ని లోపలికి తోలే వేళ ఇది."

పిన్ని తల ఊపింది. లేచి వెళ్ళి, ఇంకేమీ అడక్కుండా స్విచ్చి నొక్కేసింది. డాక్టరమ్మ సంచీ ఇంకా సర్దుకోనేలేదు. చీకట్లో తడుముకుంటూ సీసాలు ఏరుకుంది. నేను పేచీ కాలి పక్కన ఉన్నానని తెలిసి ఊపిరి బిగబట్టాను.

ఆ మర్నాడు నేను ఊరుకోలేక మందపాటి గోనెపట్టా ఒకటి తెచ్చి అరగోడ మీంచి కప్పు దాకా బిగించి కట్టాను. ఇటు వెలుగు ఇటే ఉంటుంది, పిన్నికి లైటు దక్కుతుందని నా తెలివి. తెల్లారేసరికి పేచీ ఆ పట్టాను పళ్ళతో లాగి, తొక్కి, సగం నమిలేసింది. గోడ మీంచి మనిషి కనపడకపోతే అది ఊరుకునే రకం కాదు, కాబట్టి వేరే గదికి మార్చే మాటా లేదు. చెక్క కొట్టిద్దామంటే యజమాని గాలి ఆడదన్నాడు. "వద్దులేరా, ఇక దాని జోలికి వెళ్ళకు" అంది పిన్ని. చీకటి పడకముందే వంట ముగించుకుని, తిని, గిన్నెలు కడుక్కుని, మంచం మీద కూర్చోవడం మొదలుపెట్టింది. చలికాలపు రాత్రి ఎంత పొడుగో గుర్రాల సంగతేమో గానీ మనుషులకు బాగా తెలుస్తుంది. మా ఇంటికి రమ్మని మళ్ళీ అడిగాను. పేచీ సంగతి తేలాక చూద్దామంది.

నేను వీలు చిక్కినప్పుడల్లా సాయంత్రం పూట వెళ్ళి కాసేపు కూర్చునేవాణ్ణి. చీకట్లో ఇద్దరు మనుషులు ఏం మాట్లాడుకోవాలో నాకు తెలిసేది కాదు. ఇవాళ ఏ గుర్రం ఏం తిందని అడిగేవాణ్ణి. పిన్ని చెప్పేది. నాకు ఒక్క గుర్రం పేరూ గుర్తుండదని ఆవిడకు తెలుసు. అయినా ఓపిగ్గా చెప్పేది. నేను ఊ కొట్టేవాణ్ణి. బాబాయి ఊ కొట్టినట్టు ఉండేది కాదు, అది ఇద్దరికీ తెలుస్తూనే ఉండేది.

తర్వాతి మూడు వారాలకు పేచీ మళ్ళీ ఎదకు వచ్చింది గానీ మునుపటంత గోల లేదు. ఆ పై విడతకు ఇంకా తగ్గింది. మెడ కింద మసకగా బొచ్చు మొలిచింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇవాళ పిలవలేదురా" అంది.

"మంచిదే కదా పిన్నీ" అన్నాను. నాలాంటి తెలివైనవాళ్ళు అలాగే అంటారు.

"మంచిదే" అంది.

చలి విరగక ముందే యజమాని వచ్చి చూశాడు. మాస్టారు ముందు తనే ఎక్కి, గుండె దిటవు చేసుకుని, మైదానం చుట్టూ తిప్పాడు. తర్వాత ఒక చిన్నపిల్లను ఎక్కించాడు. పేచీ మెడ దించి, నిద్రపోతున్నదానిలా నడిచింది. ఆ పిల్ల జూలు లాగినా చెవి కూడా కదపలేదు. యజమాని పిన్ని దగ్గరికి వచ్చి, "మీ గుర్రం ఎక్కడికీ పోదమ్మా. ఇక దీని సంగతి ఏటా మీరే చూసుకోవాలి" అన్నాడు. ఎండాకాలపు వేషాలు ఎలాగూ ఉంటాయని, అవి బాబాయి పద్ధతిలోనే గడుపుకుందామని అన్నాడు. పిన్ని ఆయనకు దణ్ణం పెట్టింది.

ఆ సాయంత్రం నేను గడ్డి దించి లోపలికి వెళ్ళాను. గదిలో చీకటి. పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. అరగోడ అవతల పేచీ మాకు వీపు చూపించి, తొట్టెలో తల పెట్టి మేస్తోంది. గేటు అవతల మగగుర్రాల్ని లోపలికి తోలుతున్న చప్పుడు వినిపించింది. పేచీ తల ఎత్తలేదు.

"ఏంటి పిన్నీ, ఇవాళ పండగలా ఉండాల్సింది పోయి?" అన్నాను. "నువ్వు గెలిచావు. గుర్రం మిగిలింది."

ఆవిడ ఏడుస్తోందేమోనని భయపడ్డాను. ఏడవడం లేదు. మామూలు గొంతుతోనే చెప్పింది.

"ఆయన కోసం ఏడ్చేవాళ్ళం ఇద్దరం ఉన్నామనుకున్నానురా ఇన్నాళ్ళూ. నేనొక్కదాన్నే. అది అప్పుడూ గుర్రమే."

నేను లేచి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏ గుర్రం ఏం తిందని అడగబోయి, ఊరుకున్నాను.

"గుర్రం మిగిలింది, నిజమే" అంది పిన్ని. "గుర్రమే మిగిలింది."